నీటి అడుగున ఉన్న సాక్షులు

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో చేపలు కొనేవారిని కొంతసేపు గమనిస్తే, వారిలో ప్రతి ఒక్కరూ ఒక న్యాయమూర్తిలా కనిపిస్తారు. ముందుగా మొప్ప ఎత్తి చూస్తారు, ఎర్రగా ఉందా నల్లబడిందా అని. తర్వాత కన్ను చూస్తారు, మెరుస్తోందా గుంటపడిందా అని. వేలితో నొక్కి, కండ తిరిగి లేస్తోందో లేదో పరీక్షిస్తారు. చివరగా వాసన. ఈ నాలుగు పరీక్షలను ఏ పాఠశాలా నేర్పలేదు. అవి తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి వచ్చిన విద్య. మెచ్చుకోదగిన విద్యే. అయితే అది ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ చేప చనిపోయి ఎంతసేపయింది? అది బ్రతికి ఉన్నప్పుడు ఏ నీటిలో బ్రతికింది, ఏమి తిన్నది, ఆ నీటిలోకి ఏమి వచ్చి చేరింది అనే ప్రశ్నకు మొప్పలోను కంటిలోను జవాబు దొరకదు. చేప పక్కనే అమ్మకానికి పెట్టిన ఆకుకూర విషయమూ అంతే. ఏ నీటితో పెరిగిందో కట్టను చూసి చెప్పగలవారు లేరు.

ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పగల సాక్షులు వేరే ఉన్నారు. వారు చెరువు అడుగు బురదలోను, వాగులోని రాళ్ల క్రిందను, నీటిపై తేలే పచ్చదనంలోను కాపురముంటారు. శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా వారి వాంగ్మూలాన్ని నమోదు చేస్తున్నారు. ఆ వాంగ్మూలాన్ని వినడం నేర్చుకుంటే మన వంటింటికి, మన మసీదు హౌజుకు, మన పిల్లల ఆరోగ్యానికి ఏమి ప్రయోజనమో పాఠకుల ముందుంచాలని మా ఉద్దేశం.

మదర్సాలో అడుగుపెట్టిన విద్యార్థి తొలి సంవత్సరాలలోనే చదివే అధ్యాయం పరిశుభ్రతకు సంబంధించినది. అందులో నీటి చర్చ ప్రధానమైనది. నీటికి మూడు గుణాలున్నాయని మన ధర్మవేత్తలు చెప్పారు: రంగు, రుచి, వాసన. నీరు కొద్దిగా ఉన్నా విస్తారంగా ఉన్నా, అశుద్ధం పడి ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు అశుద్ధమే. ఈ విషయంలో సమాజపు ధర్మవేత్తలందరిదీ ఒకే మాట అని ఇమామ్ ఇబ్నుల్ మున్జిర్ (రహ్మ) నమోదు చేశారు. గుణం మారకపోతే ఏమిటన్న దగ్గరే మజ్‌హబుల మధ్య భేదం. పారే నీటికి, పది మూరల పొడవు పది మూరల వెడల్పు గల పెద్ద హౌజుకు హనఫీ ధర్మవేత్తలు సడలింపు ఇచ్చారు. షాఫయీ ధర్మవేత్తలు రెండు పెద్ద కడవల పరిమాణాన్ని హద్దుగా పెట్టారు. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించిన సంగతి బుఖారీలోను ముస్లింలోను ఉంది. పెద్ద నీటికి ఇచ్చిన సడలింపు వుజూ చేసేవాని ఇబ్బంది తొలగించడానికి వచ్చింది. అందులోకి మురుగు వదలడానికి ఇచ్చిన అనుమతి అది కాదు. “పెద్ద నీరు మైలపడదు” అనే మాటను కొందరు పెద్దమనుషులు విచ్చలవిడిగా వాడుతుంటారు కనుక ఈ సంగతి విడిగా చెప్పవలసి వచ్చింది.

మోండా మార్కెట్ నుండి రాణీగంజ్ దాటితే వచ్చే హుస్సేన్ సాగర్‌నే తీసుకుందాం. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562లో కట్టిన చెరువు అది. హజ్రత్ హుస్సేన్ షా వలీ (రహ్మ) పేరును నేటికీ మోస్తున్నది. మూసీ నుండి కాలువ ద్వారా నీరు తెచ్చి దానిని నింపేవారు. 1806లో సికందర్ జాహ్ పేరుతో సికింద్రాబాద్ వెలసినది దీని ఈశాన్యపు ఒడ్డుననే. 1908 మూసీ వరదల అనంతరం కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యేవరకు నగరం దాహం తీర్చిన ముఖ్యమైన ఆధారాలలో ఇదీ ఒకటి. ఆ నీటిని ఈనాడు ఎవరైనా నోటిలో పోసుకోగలరా? కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దశాబ్దాలుగా దానిలోకి ఇళ్ల మురుగును తెచ్చాయి. కూకట్‌పల్లి నాలా దానికి తోడు పారిశ్రామిక వాడల వ్యర్థాన్నీ తెచ్చింది. ఎండాకాలంలో ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లేవారికి దాని వాసన గురించి మేము చెప్పనక్కరలేదు. మూడు గుణాల పరీక్షలో ఈ నీరు ఓడిపోవడానికి ప్రయోగశాల అవసరం లేదు.

కానీ వర్షాలు కురిసి చెరువు నిండినప్పుడు రంగు తేరుకుంటుంది, వాసన తగ్గుతుంది. అప్పుడు అది బాగుపడినట్టేనా? సీసం, పాదరసం వంటి లోహాలకు నీటిలో రంగు లేదు, వాసన లేదు. రాత్రివేళ నాలాలో వదిలిన వ్యర్థజలం తెల్లవారేసరికి సాగిపోతుంది. పగలు పదిగంటలకు సీసాలో పట్టిన నీరు ఆ పదిగంటల సంగతే చెబుతుంది. రసాయన పరీక్ష విలువైనదే అయినా ఆ ఒక్క ఘడియకే అది సాక్షి. హదీసు విద్య చదివినవారికి ఇక్కడ ఒక తేడా వెంటనే స్ఫురిస్తుంది. ఒక రావీ తాను ఎవరి నుండి విన్నానంటున్నాడో వారితో ఎంతకాలం గడిపాడు, నిజంగా కలిశాడా, మధ్యలో తెగిపోయాడా అని ముహద్దిసులు తరచి చూస్తారు. ఆ కొలతతో చూస్తే నీటి విషయంలో ఎవరి సాక్ష్యం బలమైనది? వారాలు, నెలలు అదే నీటిని పీలుస్తూ, అదే బురదను తింటూ, పారిపోవడానికి రెక్కలు ఇంకా రాని పురుగుది. అది అక్కడ లేని రాత్రి లేదు.

ఆ పురుగు ఏమి చెబుతుందో తెలియాలంటే ముందు ప్రాణవాయువు సంగతి తెలియాలి. ముప్పై డిగ్రీల వేడిలో ఒక లీటరు శుభ్రమైన నీరు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే ఇముడ్చుకోగలదు. నీరు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. చేపలు, పురుగులు, నత్తలు అన్నీ పంచుకోవలసినది ఆ కొద్దిపాటి నిల్వనే. మురుగు వచ్చి చేరితే దానిని కుళ్లించే సూక్ష్మజీవులు కోట్లలో పెరిగి ఆ నిల్వను ముందుగా తామే వాడుకుంటాయి. అడుగున చీకటిలో ప్రాణవాయువు దాదాపు శూన్యమవుతుంది. అప్పుడు ఏ జీవి ఉండగలదు, ఏది వెళ్లిపోవాలి అన్నది దాని శరీర నిర్మాణమే తేలుస్తుంది.

మేఫ్లై అనే కీటకపు పిల్లలు పొట్టకు ఇరువైపులా ఉన్న ఆకుల వంటి సన్నని మొప్పలతో శ్వాసిస్తాయి. వాటికి చల్లని, పారే, ప్రాణవాయువు నిండిన నీరు కావాలి. స్టోన్‌ఫ్లై పిల్లలు వాటికంటే సున్నితమైనవి. క్యాడిస్‌ఫ్లై పిల్లలలో అనేక జాతులు ఇసుక రేణువులను, పుల్లలను పట్టువంటి దారంతో అతికించి తమచుట్టూ చిన్న గొట్టపు ఇల్లు కట్టుకుంటాయి. సాధారణంగా ఈ మూడింటిలో అధికభాగం నీరు చెడగానే తప్పుకునేవే. తూనీగ పిల్లలు, కొన్ని నత్తలు మధ్యరకంవి, కొంత భరిస్తాయి. చివర మిగిలేవి ఎర్రనివి. కైరోనోమస్ అనే దోమవంటి, కానీ కుట్టని, ఈగ పిల్లలు రక్తంలా ఎర్రగా ఉంటాయి. కారణం వాటి ఒంటిలో మన రక్తంలో ఉన్నటువంటి హీమోగ్లోబిన్ ఉండడమే. బురదలో దొరికే అతి కొద్ది ప్రాణవాయువును కూడా అవి పట్టుకోగలవు. ట్యూబిఫెక్స్ అనే దారం వంటి ఎర్ర పురుగుల తీరు మరీ విచిత్రం. తల బురదలో దూర్చి, తోకను పైకి నీటిలో ఆడిస్తూ ఉంటాయి. ప్రాణవాయువు తగ్గేకొద్దీ తోక మరింత పొడవుగా పైకి వస్తుంది. అలంకారపు చేపలు పెంచేవారు దుకాణంలో మేతగా కొనే ఎర్ర పురుగులు ఈ రెండు రకాలవే. ఎలుక తోకవంటి గొట్టాన్ని నీటిపైకి చాచి బయటి గాలిని పీల్చే పురుగు కూడా ఒకటి మురుగు కాలువలలో కనిపిస్తుంది.

ఎర్ర పురుగు ఒకటి కనిపించినంత మాత్రాన నీరు చెడ్డదని తీర్పు చెప్పకూడదు. శుభ్రమైన చెరువు బురదలో కూడా అది కొద్దిగా ఉంటుంది. తీర్పు చెప్పవలసినది తక్కినవన్నీ వెళ్లిపోయి అది ఒక్కటే గుంపులు గుంపులుగా మిగిలినప్పుడు. ఎవరు వచ్చారన్న దానికంటే ఎవరు రాలేదన్నదే ఇక్కడ పెద్ద సాక్ష్యం.

జర్మనీకి చెందిన కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1902లో ఈ ఆలోచనకు ఒక క్రమం ఇచ్చారు. బ్రిటన్ వారు ఆ శతాబ్దం చివరి భాగంలో కీటక కుటుంబాలకు ఒకటి నుండి పది వరకు మార్కులు వేసే పద్ధతిని రూపొందించారు. స్టోన్‌ఫ్లైలకు, అనేక మేఫ్లై కుటుంబాలకు పది, కైరోనోమస్ కుటుంబానికి రెండు, ట్యూబిఫెక్స్ వంటి పురుగులకు ఒకటి. దొరికిన కుటుంబాల మార్కులు కూడి, కుటుంబాల సంఖ్యతో భాగిస్తే ఆ నీటి తరగతి తెలుస్తుంది. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యమునా నదిపై చేసిన పని ఆధారంగా ఇటువంటి ప్రమాణాన్నే రూపొందించుకున్నది. పరిశుభ్రమైన నీటికి నీలిరంగు, తీవ్రంగా కలుషితమైన నీటికి ఎరుపు, మధ్యలో మూడు మెట్లు. జల్లెడ, తెల్లని పళ్లెం, భూతద్దం, ఓపిక ఉంటే చాలు. పరికరాల ఖర్చు నామమాత్రం. ఇంత చవకైన పద్ధతి జిల్లా కళాశాలలలో కూడా విరివిగా సాగకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించే విషయం.

పురుగులకంటే ముందు మన నగరంలో శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినవి శైవలాలు, అంటే నీటి నాచు కుటుంబానికి చెందిన సూక్ష్మజీవులు. ఈ సంగతి తెలుగు పాఠకులకు, ముఖ్యంగా మన యువతకు, తెలియవలసినంతగా తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్‌లోని చేపల చెరువులలో శైవలాల జీవనంపై వ్రాసిన వ్యాసాలు 1964 నుండి ‘హైడ్రోబయాలజియా’ అనే అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. అదే పత్రికలో 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాలపై, కాలుష్యాన్ని ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొని, వరుసగా వ్యాసాలు ప్రకటించారు. 1970లో ఎం. మునవ్వర్ హైదరాబాద్ మంచినీటి కుంటలపై తమ పరిశోధనను రెండు భాగాలుగా ప్రకటించారు. 1972లో యూగ్లీనా వర్గపు జీవులు కలుషిత జలాలలోను, కలుషితం కాని జలాలలోను ఎలా ఉంటాయో పోల్చి వ్రాశారు. ఆయన తర్వాత కెనడా వెళ్లి అక్కడి మహా సరస్సుల సూక్ష్మజీవులపై ప్రపంచం గుర్తించిన పని చేశారు. సముద్రాలను తలపించే ఆ సరస్సుల ఆరోగ్యాన్ని చదివిన కన్ను తొలి పాఠం నేర్చుకున్నది మన హైదరాబాద్ కుంటల ఒడ్డున. మాతృభాషలో మన పిల్లలకు చెప్పుకోదగిన కథలు వెదికేవారు దీనిని వదిలివేయకూడదు.

యూగ్లీనా అంటే ఏమిటి? ఒకే కణం గల జీవి. ఆకులా పచ్చగా ఉండి ఎండతో ఆహారం తయారుచేసుకుంటుంది. కొరడా వంటి తోకతో ఈదుతుంది. అవసరమైతే కుళ్లిన పదార్థపు సారాన్ని కూడా పీల్చుకుంటుంది. పశువులను కడిగే, పేడ కలిసే కుంటలలో విపరీతంగా పెరుగుతుంది. ఎండపూట పల్లె కుంటపై ఎర్రని తెట్టు కట్టడం పాఠకులలో పలువురు చూసే ఉంటారు; అందుకు తరచుగా యూగ్లీనాలో ఒక జాతి కారణం. 1969లో అమెరికాకు చెందిన పామర్ మురుగును భరించే శైవలాల పట్టిక కూర్చినప్పుడు మొదటి స్థానం యూగ్లీనాకే దక్కింది.

హుస్సేన్ సాగర్ వంటి నగర చెరువులలో అంతకంటే ప్రమాదకరమైనది మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ జీవి. ఇళ్ల మురుగు ద్వారా వచ్చే భాస్వరం, నత్రజని దానికి ఎరువు. ఎండలు ముదిరితే నీటిపై పచ్చరంగు పోసినట్టు పరచుకుంటుంది. దానిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని విడుదల చేస్తాయి. మరిగిస్తే ఆ విషం పోదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇల్లాలూ గుర్తుంచుకోవాలి. అలా పచ్చబడిన నీటిని పశువులకు పెట్టరాదు, పిల్లలను అందులో ఆడనివ్వరాదు. గుర్రపు డెక్క కూడా ఇదే కుటుంబపు సాక్ష్యం చెప్పే మొక్క. అది చెరువును కప్పిందంటే నీటిలో ఎరువు అతిగా ఉన్నదని అర్థం. మురుగు ఆపకుండా యంత్రాలతో దానిని తీయిస్తే సాక్షిని బయటికి పంపి నేరాన్ని లోపల ఉంచుకున్నట్టే అవుతుంది.

ఇక చేపల దగ్గరికి వద్దాం. మా పాఠకులకు ఎక్కువ అవసరమైన భాగం ఇదే.

చేప నీటికి మంచి సాక్షి అనుకుంటాం. కొంతవరకే అది నిజం. బొచ్చె, రవ్వ వంటివి మొప్పలతో నీటిలోని ప్రాణవాయువునే పీలుస్తాయి. లీటరుకు కనీసం నాలుగు మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు ప్రమాణం. కానీ కొర్రమీను, మార్పు వంటివి నీటిపైకి వచ్చి బయటి గాలిని కూడా పీల్చగలవు. జిలేబీ చేప చాలా మురికిని భరిస్తుంది. కనుక “చేపలు బ్రతుకుతున్నాయి, నీరు మంచిదే” అనేవారిని ఏ చేపలు అని అడగాలి. ఒకప్పుడు పది రకాలు దొరికిన చెరువులో ఇప్పుడు గాలి పీల్చేవి, మురికిని భరించేవి మాత్రమే దొరుకుతుంటే ఆ చేపలు చెరువు బాగుందని చెప్పడం లేదు.

ఒక్కోసారి చేపలన్నీ ఒకే రాత్రి చచ్చి తేలుతాయి. సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో 2017లో అటువంటి విపత్తు జరిగి, మత్స్యకారుల కుటుంబాలు జీవనాధారం కోల్పోయాయి. విషవ్యర్థాలు చేరడం వలన చేపలు అలా చావవచ్చు. ప్రాణవాయువు అంతరించడం వలన కూడా చావవచ్చు. పగలు నాచు ప్రాణవాయువు విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు దానిని పీలుస్తుంది. నాచు మితిమీరిన చెరువులో తెల్లవారుజామున నిల్వ అట్టడుగుకు చేరుతుంది.

అలా తేలిన చేప తినవచ్చునా? దానంతట అది చచ్చి వెల్లకిలా నీటిపై తేలిన చేపను హనఫీ ధర్మశాస్త్రంలో ‘తాఫీ’ అంటారు. దానిని తినడం అవాంఛనీయమని తీర్పు. అబూ దావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనం అందుకు ఆధారం. అది దైవప్రవక్త (సఅసం) మాటా, లేక హజ్రత్ జాబిర్ సొంత మాటా అన్న విషయంలో ముహద్దిసుల మధ్య చర్చ ఉంది. షాఫయీ తదితర ఇమాములు సముద్రపు మృతజీవి ధర్మసమ్మతమనే హదీసును ఆధారంగా తీసుకొని దానిని అనుమతించారు. హనఫీ గ్రంథాలలోనే మరొక వివరం ఉంది. వేడి, చలి, ఒడ్డున చిక్కుకోవడం, నీటిలో వేసిన దేనినో తినడం వంటి తెలిసిన కారణంతో చనిపోతే అది తాఫీ కాదు, తినవచ్చు. ఈ వివరాన్ని పట్టుకొని, “కాలుష్యం తెలిసిన కారణమే కదా, కాబట్టి తినవచ్చు” అని ఎవరైనా వాదించవచ్చు. మా దృష్టిలో ఇక్కడ చర్చ తాఫీ దగ్గర ఆగకూడదు. ధర్మసమ్మతమైన వస్తువు కూడా ప్రాణానికి హాని చేసేదైతే తినరాదన్నది అన్ని మజ్‌హబులూ అంగీకరించిన సూత్రం. మట్టి తినడాన్ని వారించిన ధర్మవేత్తలు చెప్పిన కారణం కూడా హానే. ఏ విషం చంపిందో తెలియని చేపను పిల్లల కంచంలో పెట్టకూడదు. బజారులో ఒక ఉదయం చేప ధర అకారణంగా సగానికి పడితే, ఎందుకు పడిందో అడగకుండా కొనకూడదు.

మరొక మసఅలా ‘జల్లాలా’ది. అశుద్ధం తినడం అలవాటైన జంతువు మాంసాన్ని తినడాన్ని, దాని పాలు త్రాగడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. దానిని కట్టివేసి శుభ్రమైన మేత పెట్టిన తర్వాతే అది తినదగినదవుతుంది. కోడికి మూడు రోజులు, గొర్రెకు నాలుగు, ఆవుకు, ఒంటెకు పది అని హనఫీ గ్రంథాలలో కనిపిస్తుంది. రోజుల లెక్క ముఖ్యం కాదు, మాంసం నుండి దుర్వాసన పోవడం ముఖ్యం అని ఇమామ్ సరఖ్సీ (రహ్మ) అభిప్రాయం. ఈ మసఅలాను చేపలకు అన్వయించవలసిన అవసరం మన కాలంలో వచ్చింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు. అయినా దొంగచాటుగా గుంటలలో పెంచి, కోళ్ల దుకాణాల వ్యర్థాలు మేతగా వేసి, మన నాటు మార్పు పేరుతో అమ్ముతున్నారని అధికారులు పదే పదే దాడులు చేస్తూనే ఉన్నారు. అది గాలి పీల్చే చేప. ఎంత మురుగులోనైనా బ్రతుకుతుంది, త్వరగా పెరిగి నాటు మార్పుకంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. మార్పు పేరుతో కిలోలకొద్దీ బరువున్న చేప కనిపిస్తే అనుమానించడమే మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జల్లాలా విషయంలో మన పెద్దలు వాసనను గుర్తుగా పెట్టారు. అశుద్ధపు మేతకు ఆ గుర్తు సరిపోతుంది. పాదరసానికి వాసన లేదు. మూడు రోజులు కాదు, మూడు నెలలు మంచినీటిలో ఉంచినా చేప కండలో చేరిన పాదరసం పూర్తిగా పోదు. వండినా పోదు. చిన్న జీవిని పెద్ద జీవి, దానిని చేప తినేకొద్దీ మెట్టు మెట్టుకూ దాని మోతాదు పెరుగుతుంది. జపాన్‌లోని మినమాతా అనే తీర పట్టణంలో 1956లో ఈ వ్యాధి అధికారికంగా వెలుగుచూసింది. అంతకు ముందే అక్కడి పిల్లులు ఆ సముద్రపు చేపలు తిని తూలుతూ, గిరగిరా తిరుగుతూ చనిపోయాయి. ఊరివారు చూశారు, కానీ పిల్లుల సాక్ష్యాన్ని ఎవరూ నమోదు చేయలేదు. తర్వాత తల్లుల గర్భాలలోని శిశువులే ఆ విషానికి బలయ్యారు. సీసం, కాడ్మియం వంటి లోహాలు కండకంటే కాలేయంలో, మూత్రపిండాలలో, మొప్పలలో ఎక్కువగా నిల్వ ఉంటాయి. కనుక నగరం పరిసరాల చెరువు చేప అని తెలిస్తే, తల, మొప్పలు, లోపలి భాగాలు వాడకుండా పారవేయడం మేలు. గర్భిణులు, పసిపిల్లలు అటువంటి చేపకు పూర్తిగా దూరంగా ఉండాలి.

కంటికి కనిపించని బ్యాక్టీరియా కూడా సాక్షులే. పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు తేలింది. అటువంటి చోట నివసించే బ్యాక్టీరియా మందులకు లొంగని గుణాన్ని సంపాదించుకుంటాయి. ఆ తర్వాతి పరిశోధనలలో ఆ దిగువ వాగుల బురదలో ఆ గుణానికి మూలమైన జన్యువులు దొరికాయి. మన ఇంట్లో జ్వరపడిన బిడ్డకు మందు పనిచేయకపోవడానికి, ఎక్కడో ఒక వాగు బురదకు సంబంధం ఉండగలదని పూర్వం ఎవరూ ఊహించి ఉండరు.

పాఠకులలో కొందరు, “నీటి శుద్ధి గురించి పురుగుల మాట, శాస్త్రజ్ఞుల మాట ధర్మంలో చెల్లుతుందా?” అని అడుగుతారు. 1978లో సౌదీ అరేబియా ఉలమాల అగ్రమండలి మురుగునీటి శుద్ధిపై తీర్పు ఇచ్చినప్పుడు ముందుగా నిపుణుల నివేదికలు తెప్పించుకుంది. రంగు, రుచి, వాసనలలో అశుద్ధపు జాడ ఏమాత్రం మిగలకుండా శుద్ధి చేస్తే ఆ నీరు వుజూకు చెల్లుతుందని చెప్పింది; ఆరోగ్యహాని ఉంటే మాత్రం ఆ కారణంగానే దానిని వాడరాదని కూడా చెప్పింది. శుద్ధత వేరు, హాని వేరు అన్న విభజన అక్కడ స్పష్టంగా ఉంది. నీటి వాడకం వలన రోగం వస్తుందన్న నిజమైన భయం ఉంటే తయమ్ముమ్‌కు అనుమతి ఉన్నదని మన గ్రంథాలలో ఎప్పటి నుండో ఉంది. ఆ భయం నిజమా కాదా తేల్చేది వైద్యుడే. పోలండ్ రాజధాని వార్సాలో నది నుండి నగరానికి తీసుకునే నీటిని ఎనిమిది ఆల్చిప్పలతో కాపలా కాయిస్తారు. చిప్పలకు చిన్న పరికరాలు అమర్చి ఉంటాయి. నీటిలో ఏదైనా తేడా వస్తే ఆల్చిప్పలు మూసుకుంటాయి, వెంటనే హెచ్చరిక వస్తుంది. అంత పెద్ద నగరం ఎనిమిది మూగజీవుల మాట వింటున్నది. భూమిపై పాకే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సమూహాలేనని దివ్య ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరాలో తెలిపిన విషయాన్ని పిల్లలకు బోధించేవారికి ఈ ఉదాహరణ పనికివస్తుంది.

మన దగ్గర ఆశ కలిగించే చోట్లు లేకపోలేదు. నగర శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడికి వచ్చే పక్షులే దానికి ఆ గౌరవం తెచ్చాయి. ఆ చెరువు చుట్టూ ఇళ్లు లేచాక ఆ పక్షులు ఇంకా వస్తున్నాయా, ఎన్ని రకాలు వస్తున్నాయి అని ఏటేటా లెక్కపెట్టే పని మన విద్యార్థులు కూడా చేయవచ్చు.

ఈ విద్యను పిల్లలకు నేర్పదలచినవారు నాలాల దగ్గరికి, హుస్సేన్ సాగర్ ఒడ్డుకు వారిని తీసుకుపోవద్దు. ఆ నీటిని తాకడమే ప్రమాదం. మూసీ పుట్టే అనంతగిరి కొండల వంటి చోట్లకు, లేదా సొంత ఊరి వాగుకు, వర్షాలు తగ్గిన తర్వాత పెద్దల తోడుతో వెళ్లండి. పారే నీటిలో మోకాలికంటే తక్కువ లోతున్న చోట ఒక రాయిని మెల్లగా ఎత్తి, దాని అడుగుభాగాన్ని తెల్లని పళ్లెంలోని నీటిలో కడగండి. కదిలేవాటిని భూతద్దంతో చూడండి: తోకలు రెండా మూడా, పక్కన మొప్పలున్నాయా, ఇసుక గొట్టంలో ఏదైనా దాగి ఉందా, ఎర్రగా ఎన్ని ఉన్నాయి. లెక్క వ్రాసుకొని, రాయిని, జీవులను తీసినచోటనే తిరిగి ఉంచండి. వచ్చే ఏడు అదే చోట అదే లెక్క మళ్లీ తీస్తేనే దానికి విలువ.

అంత దూరం వెళ్లలేనివారికి మసీదు హౌజు ఉంది. పాత మసీదుల హౌజులలో చేపలు పెంచే ఆచారం దోమపిల్లలను తినిపించడానికే కాదు, నీటి సంగతి తెలుసుకోవడానికి కూడా పనికివస్తుంది. కుళాయి నీటితో హౌజును ఒకేసారి నింపితే అందులోని క్లోరిన్ వలన చేపలు చస్తాయి. కొంత కొంతగా, లేదా ఒక రోజు ఆరుబయట నిలవబెట్టిన తర్వాత నింపాలి. రొట్టె ముక్కలు, బియ్యం వేసి పుణ్యం సంపాదిస్తున్నామనుకునేవారిని మర్యాదగా ఆపాలి. మిగిలిన మేత కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది. చేపల స్థితి చూడవలసిన సమయం మధ్యాహ్నం కాదు. అప్పుడు ఎండకు నాచు పనిచేస్తుంటుంది, అంతా బాగానే కనిపిస్తుంది. నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఫజ్ర్ అజాన్ ఇవ్వడానికి అందరికంటే ముందు వచ్చే ముఅజ్జిన్ దీపం వేసి హౌజులోకి చూసినప్పుడు చేపలు అడుగున నెమ్మదిగా తిరుగుతుంటే నీరు బాగుంది. నోళ్లు తెరిచి పైకి వచ్చి గుటకలు వేస్తుంటే, ఆ రోజు జుహ్ర్‌లోపు హౌజు నీటిలో మూడవ వంతైనా మార్చి, అడుగు బురద తీయించాలి.